"మా వైపు అంతా బాగానే ఉందండి"

ఈ ఒక్క మాట మీదే ఇవాళ నా గుస్సా అంతా.

ఈ మాట మీరూ వినే ఉంటారు. చౌక డిపోలో వేలు పెట్టి పెట్టి అరిగిపోయిన అమ్మీజాన్‌కి "సర్వర్ రావట్లేదు, రేపు రండి" అంటే, పై ఆఫీసుకి ఫోన్ చేసినవాళ్లకి వచ్చే జవాబు ఇదే. స్కాలర్‌షిప్ దరఖాస్తుకి ఆఖరి రోజున నెట్ సెంటర్‌లో గంటల తరబడి కూర్చున్న పిల్లకి వచ్చే జవాబూ ఇదే. "మా వైపు అంతా బాగానే ఉంది." అంటే ఏమిటి? తప్పు నీ వైపు ఉంది. నీ వేలు అరిగింది. నీ కంప్యూటర్ పాతది. నీకు నొక్కడం రాదు.

నేను దీన్ని బయట చూసి రాయడం లేదు. మా దఫ్తర్‌లోనే, మా ఐటీ విభాగం వాళ్ల నోటి నుంచే విన్నాను. దఫ్తర్ పేరు రాయను. పేరు రాస్తే మీరు ఆ ఒక్కదాన్నే తిట్టి ఊరుకుంటారు.

సామర్లకోట స్టేషన్‌కి దగ్గర్లో, మేడ మీద రెండు గదుల ఆఫీసు మాది. కాకినాడ వైపు బండి మెయిన్ లైన్ నుంచి విడిపోయే జంక్షన్ కాబట్టి అనౌన్స్‌మెంట్లు రోజంతా వినపడుతూనే ఉంటాయి. ఉదయం ముగ్గురం వస్తాం. సాయంత్రం అసర్ తర్వాత ఒక అమ్మాయి వస్తుంది. మన మొహల్లా పిల్లే. డిగ్రీ పూర్తి చేసింది, తెలుగు బాగా రాస్తుంది, ఉర్దూ చదువుతుంది. చుట్టుపక్కల వార్తలు టైప్ చేసి రాత్రి ఎడిషన్‌కి పంపడం ఆమె జిమ్మేదారీ. వాళ్ల అబ్బా పంక్చర్ షాపు. వాళ్ల ఇంట్లో ఉద్యోగానికి బయటికి వచ్చిన మొదటి ఆడపిల్ల ఆమె.

ఆమె కూర్చునే కంప్యూటర్‌లో నెట్ వచ్చేది, పోయేది. రోజూ పోతే ఎవరో ఒకరు వచ్చి బాగుచేసేవారేమో. రెండు రోజులు బాగుండేది, మూడో రోజు పోయేది. ఒక్కోసారి మగ్రిబ్ వేళకి పోయి ఇషా అయ్యాక వచ్చేది. పెద్దాఫీసుకి ఫోన్ చేస్తే ఐటీ అతను అక్కడి నుంచే చూసి, "సాయిబు గారూ, మీ డబ్బాకి పింగ్ వెళ్తోందండి. అంతా గ్రీనే. మా వైపు అంతా బాగానే ఉందండి. ఓసారి రీస్టార్ట్ చేయండి" అనేవాడు. రీస్టార్ట్ చేస్తే ఒక్కోసారి నిజంగానే వచ్చేది. అదే మా కొంప ముంచింది. "చూశారా, రీస్టార్ట్ చేస్తే సరిపోతుంది, మీ అమ్మాయే చేయడం లేదు" అన్నారు. నేను రెండోసారి గట్టిగా అడిగితే, "మిగతా మూడింటికీ లేని సమస్య ఆ ఒక్క కంప్యూటర్‌కే ఎందుకండీ" అని ఎదురు ప్రశ్న.

వార్త ఎన్ని గంటలకి చేరిందో పెద్దాఫీసు కంప్యూటర్ రాసి పెట్టుకుంటుంది. ఎందుకు ఆలస్యమైందో మాత్రం రాసుకోదు. నెల తిరిగేసరికి ఆమె పేరు పక్కన తొమ్మిది ఆలస్యాలు. నోటీసు వచ్చింది. ఇవ్వాల్సిన డబ్బులో కోత పెట్టారు. నోటీసులో "నెట్ సాకు" అనే మాట ఉంది. బహానా అన్నమాట. ఆ కాగితం పట్టుకుని వాళ్ల అబ్బా నా దగ్గరికి వచ్చాడు. "భాయ్, చేతకాకపోతే చేతకాలేదని ఇంటికి పంపండి. అబద్ధాలకోరు అని రాస్తారా నా కూతుర్ని? మాన్పించేస్తాను" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. పిల్ల మీద ఇల్జామ్ వేసిన దఫ్తర్‌లో నేను పెద్దవాణ్ణి.

ఆ రాత్రి నేను ఒక నోట్‌బుక్ తీశాను. రోజ్‌నామ్చా. చిన్నప్పుడు ఉర్దూ మీడియం బడిలో ఉస్తాద్ రోజూ తారీఖు వేసి రాయించేవారు, అలాగే గళ్లు గీశాను. తారీఖు, టైము, ఎవరు ఏ కంప్యూటర్ ముందు ఉన్నారు, డబ్బా మీద ఏ లైటు వెలుగుతోంది, కరెంటు ఉందా, వాన ఉందా, కంప్యూటర్‌లో నెట్‌వర్క్ వివరాలు తెరిస్తే ఏ అంకెలు కనబడుతున్నాయి. అంకెల అర్థం నాకు తెలీదు. తెలియకపోయినా ఉన్నదున్నట్టు ఎక్కించాను. 21 రోజులు రాశాను. అందులో ఎనిమిది రోజులు నెట్ పోయింది. పోయిన ఎనిమిది రోజులూ ఆ కంప్యూటర్‌లో అంకె 192.168.0 తో మొదలైంది. బాగున్న పదమూడు రోజులూ 192.168.1 తో మొదలైంది. ఒక్క రోజు కూడా తేడా లేదు. చదువుకున్న ఐటీ విభాగానికి రెండు నెలలు కనబడనిది, గళ్ల నోట్‌బుక్‌లో ఒక్క చూపుకి కనబడింది.

మా మొహల్లాలో సీసీ కెమెరాలు బిగించే కుర్రాడు ఒకడున్నాడు. ఇషా తర్వాత పిలిచి నోట్‌బుక్ చూపించాను. రెండు నిమిషాలు చూశాడు. "మామూ, మీ ఆఫీసులో రెండో డబ్బా ఉంది" అన్నాడు. ఎక్కడా లేదన్నాను. ఉందన్నాడు. తీగ పట్టుకుని గోడ వెంట వెళ్లాడు. బయటి గదిలో బీరువా వెనక, దుమ్ములో, ఒక పాత వైఫై రౌటర్ దొరికింది. దాని ప్లగ్గు బయటి గది లైటు స్విచ్‌తోనే ఆన్ అవుతుంది. పగలు ఆ స్విచ్ ఎవరూ వేయరు. సాయంత్రం చీకటి పడితే వేస్తారు.

అసలు సంగతి వాడు చెప్పింది చెప్పినట్టు రాస్తాను, మీ ఇంట్లో పిల్లలకీ పనికొస్తుంది. కంప్యూటర్ ఆన్ కాగానే "నాకు చిరునామా ఎవరిస్తారు" అని వలలో ఉన్నవాళ్లందర్నీ కేకేసి అడుగుతుంది. డబ్బా జవాబిచ్చి ఒక అంకె ఇస్తుంది, బయటికి వెళ్లే దారి కూడా చెబుతుంది. ఈ పద్ధతిని డీహెచ్‌సీపీ అంటారు. ఒకే డబ్బా ఉంటే గొడవ లేదు. రెండుంటే, ఎవరి జవాబు ముందు చేరితే కంప్యూటర్ వాళ్ల మాటే వింటుంది. ఒక జమాత్‌కి ఇద్దరు ఇమాములు నిలబడినట్టు. ఎవరి తక్బీర్ ముందు వినబడితే వాళ్ల వెనక నమాజ్. పాత డబ్బాకి బయటి లోకంతో తీగే లేదు. దాని మాట విన్న కంప్యూటర్ గోడ వైపు నడిచినట్టే.

మరి మిగతా మూడింటికీ ఎందుకు రాలేదు? మేం ఉదయం వస్తాం. అప్పటికి బయటి గది లైటు వేయరు, పాత డబ్బా నిద్రలో ఉంటుంది. మాకు మంచి డబ్బా చిరునామా ఇచ్చేస్తుంది, మా కంప్యూటర్లు రోజంతా దాన్నే పట్టుకుని ఉంటాయి. సాయంత్రం వచ్చి కొత్తగా ఆన్ చేసేది ఆ అమ్మాయి ఒక్కతే. రీస్టార్ట్ అన్నప్పుడల్లా మళ్లీ పాచిక వేసినట్టే. ఒకసారి పడింది, ఒకసారి పడలేదు.

ఐటీ అతను చూసిన గ్రీన్ లైటు అబద్ధం కాదు. పింగ్ అనేది 1983లో మైక్ మూస్ అనే అమెరికన్ రాసిన చిన్న ప్రోగ్రామ్. వాకిట్లోకి వచ్చి తలుపు కొట్టి "ఉన్నారా" అని అడుగుతుంది, "ఉన్నాం" అంటే వెళ్లిపోతుంది. లోపలి గదిలో మనిషి పడిపోయి ఉంటే దానికి తెలీదు. మా మంచి డబ్బా ప్రతిసారీ "ఉన్నాం" అంది. అతను అక్కడితో విచారణ ముగించాడు. నా షికాయత్ అదీ.

మన ఉలేమా హదీసుని ఎలా పరీక్షించారో గుర్తు చేసుకోండి. మాట బాగుందని ఒప్పుకోలేదు. ఇస్నాద్ అడిగారు. ఎవరు ఎవరి దగ్గర విన్నారు, వాళ్లు నిజంగా కలిశారా, ఆ గొలుసులో జయీఫ్ రావీ ఎవరు. ఒక్కో మనిషినీ విడివిడిగా చూశారు. ఆ కుర్రాడు నాకు చూపించిన ట్రేస్‌రూట్ పని కూడా అదే. మాట మన కంప్యూటర్ నుంచి బయల్దేరి ఏ ఏ మజిలీలు దాటిందో వరసగా చెబుతుంది. మా గొలుసులో మొదటి రావీయే తప్పుడువాడు. రెండు నెలల్లో ఒక్కసారి ఆ గొలుసు అడిగి ఉంటే ఐదు నిమిషాల పని.

ఇస్నాద్ దాకా వెళ్లక్కర్లేదంటే, మా మేడ దిగి స్టేషన్‌కి వెళ్లినా చాలు. అబ్సల్యూట్ బ్లాక్ పద్ధతిలో స్టేషన్ మాస్టర్ "మా వైపు అంతా బాగానే ఉంది" అని బండి వదలడానికి వీల్లేదు. అవతలి స్టేషన్ నుంచి లైన్ క్లియర్ రావాలి. దారి బాగుందో లేదో చెప్పాల్సింది బండి అందుకునేవాడు. మన నెట్‌వర్కుల లోకంలో మాత్రం అందుకోలేనివాడి గవాహీకి విలువ లేదు.

ఇది చిన్న దఫ్తర్ గొడవ, ఇంత రాద్ధాంతం ఎందుకు అంటారా? అయితే ఇంగ్లండు సంగతి వినండి. అక్కడి పోస్టాఫీసు 1999 నుంచి హొరైజన్ అనే కంప్యూటర్ లెక్కల పద్ధతి పెట్టింది. తయారీ ఫుజిత్సు కంపెనీది. ఊళ్లలో చిన్న పోస్టాఫీసులు నడిపేవాళ్లకి అది లేని లోటు చూపించేది. జో హామిల్టన్ అనే ఆమె హెల్ప్‌లైన్ వాళ్లు చెప్పినట్టే మీటలు నొక్కితే, 2,000 పౌండ్ల తేడా కళ్ల ముందే 4,000 అయింది. ఈ సమస్య నీ ఒక్కదానికే అన్నారు. అందరికీ అదే చెప్పారు. 900 మందికి పైగా బేగునాహ్ మనుషుల మీద దొంగతనం, లెక్కల మోసం ముద్ర పడింది. మన దేశం మూలాలున్న సీమా మిశ్రాకి 2010లో, కడుపుతో ఉండగా, 15 నెలల జైలు శిక్ష వేశారు. ఆ తీర్పు కొట్టేసేసరికి 2021 వచ్చింది. అలన్ బేట్స్ అనే అతన్ని 2003లోనే తీసేశారు. అతను కాగితాలు దాచుకుని, తనలాంటివాళ్లని వెతుక్కుని, 555 మందిని కూడగట్టి కోర్టుకి వెళ్లాడు. 2019 డిసెంబర్‌లో హైకోర్టు ఆ కంప్యూటర్‌లోనే దోషాలున్నాయంది. 2024లో పార్లమెంటు చట్టం చేసి మరీ శిక్షలు రద్దు చేసింది.

"నీ ఒక్కదానికే" అన్న ఆ మాట, "ఆ ఒక్క కంప్యూటర్‌కే ఎందుకండీ" అని నాకు వినబడ్డ మాట, రెండూ ఒక్కటే. అక్కడ జైలు దాకా వెళ్లింది. ఇక్కడ నోటీసు దాకా వచ్చింది. ఇంకో రెండు నెలలు గడిస్తే ఒక ఆడపిల్ల చదువు అటక ఎక్కేది.

ఐటీ వాళ్ల తరఫున చెప్పాల్సినవి కూడా చెబుతాను, ఇన్సాఫ్ కాబట్టి. ఒక్క మనిషికి పాతిక ఆఫీసులు అప్పగిస్తారు. బాగున్న రోజు ఎవరూ షుక్రియా చెప్పరు, పోయిన రోజు అందరూ తిడతారు. ప్లగ్గు పెట్టకుండా నెట్ రావడం లేదని ఫోన్ చేసేవాళ్లు వాళ్లకి రోజూ తగులుతారు. అప్పుడప్పుడు వచ్చిపోయే జబ్బు పట్టుకోవడం కష్టమే, డాక్టర్ దగ్గరికి వెళ్లగానే జ్వరం తగ్గిపోయినట్టు ఉంటుంది. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ కష్టమైన పని అనడం వేరు, ఎదుటివాణ్ణి అబద్ధాలకోరు అనడం వేరు. "నాకు తెలియదు, చూస్తాను" అంటే సరిపోయేది. ఇమామ్ మాలిక్ అంతటివారు తనని అడిగిన ఎన్నో మస్‌అలాలకి తెలియదనే జవాబిచ్చారని రివాయత్. దానివల్ల ఆయన ఇజ్జత్ తగ్గలేదు, పెరిగింది. ఒక రౌటర్ గురించి తెలియదనడానికి మన సాహెబులకి ఏం అడ్డొచ్చింది?

డబ్బా దొరికాక పెద్దాఫీసుకి చెప్పాను. "అలాంటి డబ్బా మా రికార్డుల్లో లేదండి" అన్నారు. డబ్బా అడుగున వాళ్ల స్టిక్కరే ఉంది, వాళ్ల నంబరుతో. ఎప్పుడో వాళ్ల మనిషే తెచ్చి పెట్టి, తీసుకెళ్లడం మరిచిపోయాడు. ఫొటో తీసి పంపాను. జవాబు లేదు.

ఇప్పుడు మన వైపు చూసుకుందాం. మన తప్పు కూడా ఉంది, అది రాయకపోతే ఈ వ్యాసం మునాఫిఖత్ అవుతుంది. "సర్వర్ డౌన్" అని ఎవరైనా అంటే మనం ఏమంటాం? "నసీబ్" అంటాం. "సబర్ చేద్దాం" అంటాం. ఇంటికి వచ్చేస్తాం. కూలి పోయిన రోజుని ఎక్కడా రాసుకోం. సబర్ అల్లాహ్ ముందు చేయాల్సింది. తీగ ఊడిపోయిన డబ్బా ముందు చేసేది సబర్ కాదు. ఖురాన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ సూరె బఖరలో ఉంది. అది దేని గురించి? అప్పు ఇచ్చిపుచ్చుకుంటే రాసుకోండి, గవాహీ పెట్టుకోండి అని. మనుషుల మధ్య హక్కుల విషయంలో రాత ఎంత ముఖ్యమో అల్లాహ్ అంత వివరంగా చెబితే, మనం నోటి మాటతో సరిపెట్టుకుంటున్నాం.

దీనికి మనం ఎంత ఖరీదు కట్టామో మొన్ననే చూశాం. వక్ఫ్ ఆస్తులు ఎక్కించడానికి 2025 జూన్ 6న ఉమీద్ పోర్టల్ తెరిచారు. గడువు ఆరు నెలలు. పోర్టల్ నడవడం లేదు, మొరాయిస్తోంది అని దేశమంతా ముతవల్లీలు మొత్తుకున్నారు. డిసెంబర్ 1న సుప్రీంకోర్టు అందరికీ కలిపి గడువు పెంచనంది, ఇబ్బంది ఉన్నవాళ్లు ట్రిబ్యునల్‌కి వెళ్లండంది. డిసెంబర్ 6న పోర్టల్ మూసేనాటికి 5 లక్షల 17 వేల ఆస్తుల నమోదు మొదలైతే, ఆమోదం దొరికింది 2 లక్షల 16 వేలకే. ట్రిబ్యునల్ ముందు నిలబడి "పోర్టల్ రాలేదు" అన్న ముతవల్లీని అడిగే మొదటి ప్రశ్న ఏమై ఉంటుంది? ఏ రోజు, ఎన్ని గంటలకి, ఏమని కనబడింది? స్క్రీన్ ఫొటో ఉందా? రోజ్‌నామ్చా ఉన్నవాడి దగ్గర సబూత్ ఉంది. లేనివాడి దగ్గర కన్నీళ్లున్నాయి. ఖబరస్తాన్ హద్దులు కన్నీళ్లతో నిలబడవు.

అందుకని ఇంటింటికీ నా గుజారిష్. పది రూపాయల నోట్‌బుక్ ఒకటి కొనండి. చౌక డిపోలో, సచివాలయంలో, బ్యాంకులో, నెట్ సెంటర్‌లో "రావట్లేదు" అన్న ప్రతిసారీ తారీఖు, టైము, అన్న మనిషి హోదా, తెర మీద కనబడ్డ మాట రాయండి. ఫోన్‌తో తెరని ఫొటో తీయండి. ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే డాకెట్ నంబర్ ఇవ్వకుండా పెట్టేయనివ్వకండి. అది ఇవ్వాలని ట్రాయ్ 2012 నిబంధనల్లోనే ఉంది. దాని మీద తేల్చకపోతే అప్పీలు చేసుకోవడానికి ప్రతి కంపెనీలో అప్పిలేట్ అథారిటీ ఉండాలి. సర్కారు దఫ్తర్ అయితే సమాచార హక్కు చట్టం కింద ఒక కాగితం పెట్టండి, 30 రోజుల్లో జవాబు రావాలి. ఫలానా తారీఖున ఫలానా సేవ ఎంతసేపు ఆగింది అని అడగండి. అడిగితే రికార్డు ఉందో లేదో అప్పుడు తెలుస్తుంది.

కంప్యూటర్లు, నెట్‌వర్కులు చదువుతున్న మన పిల్లలకి ఇంకో మాట. బేటా, రేపు నువ్వు ఆ ఫోన్‌కి అవతల కూర్చుంటావు. నీ తెర మీద గ్రీన్ వెలుగుతుంటుంది. ఇవతల ఎవరో ఒక అమ్మాయి "రావట్లేదు సార్" అంటుంది. ఆమె మాట నీ దగ్గర అమానత్. నీ తెరకి తెలియనిది ఆమెకి తెలుసు. ముందు ఆమె మాట నమ్ము, తర్వాత ఎక్కడ తెగిందో వెతుకు.

తెలుగు డిగ్రీ చదివేటప్పుడు ఒక సంగతి నాకు భలే నచ్చేది. తెలుగువాళ్లు దఫ్తర్ భాషలో మన మాటలు ఎన్నో వాడతారు. ఫిర్యాదు మన ఫర్యాదే. ఆ మాటకి మూలంలో అర్థం ఆపదలో ఉన్నవాడి కేక. దఫ్తర్‌లోకి వచ్చేసరికి అది కాగితమైంది, నంబరైంది, తర్వాత "పరిష్కరించబడింది" అనే ముద్రయింది. జవాబుదారీ కూడా మన మాటే. ఫిర్యాదు ఇచ్చే పని మనకి వదిలేసి, జవాబుదారీ ఎవరూ తీసుకోకపోతే, మాటలు అరువిచ్చి మనం బాగుపడిందేముంది?

ఆ అమ్మాయి మానలేదు. వాళ్ల అబ్బాకి నోట్‌బుక్, ఆ డబ్బా రెండూ తీసుకెళ్లి చూపించాను. డబ్బాని చేతిలో తిప్పి తిప్పి చూశాడు. "దీనికోసమా నా కూతుర్ని అన్ని మాటలన్నారు" అన్నాడు. మర్నాడు అసర్ తర్వాత తనే స్కూటర్ మీద దింపి వెళ్లాడు. ఆ రోజు నుంచి ఇవాళ్టి వరకు ఒక్క ఆలస్యం లేదు.

కానీ నోటీసు ఇంకా ఆమె ఫైల్లోనే ఉంది. తొమ్మిది ఆలస్యాలు ఆమె పేరు పక్కనే ఉన్నాయి. కోసిన డబ్బు తిరిగి రాలేదు. నెట్ బాగుపడింది కదా, ఇంకా ఎందుకండీ అంటున్నారు. తీగ బాగుచేస్తే ఇన్సాఫ్ అయిపోదు. "సాకు" అని రాసిన చేత్తోనే "పొరపాటు మాది" అని రాయాలి. మూడు ఉత్తరాలు రాశాను. నాలుగోది రేపు రాస్తాను. అన్నిటి తారీఖులూ నోట్‌బుక్‌లో ఉన్నాయి.

వస్సలాం.